మూత్రం సీసా, తూకం మిషను: చిన్న ఆసుపత్రిలో పిల్లల కిడ్నీని ఎలా కాపాడుకోవాలి

నల్లగొండ, పాలమూరు వైపు ఏదైనా ఏరియా ఆసుపత్రికి వెళ్లి పిల్లల వార్డులో ఒక కేస్ షీట్ తెరిచి చూడండి. జ్వరం చార్ట్ ఉంటుంది. వేసిన సూదుల లెక్క ఉంటుంది. ఎక్కించిన సెలైన్ బాటిళ్ల లెక్క ఉంటుంది. మూత్రం దగ్గరికి వచ్చేసరికి 'పోస్తున్నాడు' అని ఒక్క మాట ఉంటుంది. ఎంత పోశాడు, ఎప్పుడు పోశాడు, ఏ రంగులో పోశాడు అన్నది ఉండదు. పిల్లల కిడ్నీలు ఆగిపోతున్న సంగతి మనకు ఆలస్యంగా తెలిసేది ఈ ఒక్క మాట వల్లే.

నేను పిల్లల డాక్టర్‌ని. ఇది రాత్రి డ్యూటీలో ఒంటరిగా ఉండే మెడికల్ ఆఫీసర్ కోసం, వార్డు సిస్టర్ కోసం రాస్తున్నాను. తల్లిదండ్రులు చదివినా అర్థమయ్యేలా రాయడానికి ప్రయత్నించాను. ఎందుకంటే చాలాసార్లు మొదటి కబురు చెప్పేది వాళ్లే.

నేను డ్యూటీ మొదలుపెట్టిన కొత్తలో ఒక తండా నుంచి మూడేళ్ల బాబును తీసుకొచ్చారు. మూడు రోజులుగా వాంతులు, మోషన్లు. ఊళ్లో రెండు రోజులు సూదులు వేయించారు. బాబు నీరసంగా ఉన్నాడని సెలైన్ పెట్టాం, తెల్లారేదాకా నడిచింది. రాత్రి ఒంటిగంటకు వాళ్ల నాయనమ్మ వచ్చి, "సారూ, నిన్న మాపటిసంది పోరడు ఒంటికి పోలే" అంది. "సెలైన్ ఎక్కుతుంది కదా అవ్వా, పోస్తాడు" అన్నాను. పొద్దున చూసేసరికి కళ్లు ఉబ్బాయి, ఆయాసం వచ్చింది. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. హైదరాబాద్‌లో డయాలిసిస్ చేస్తే బాబు బతికాడు. ఆ అవ్వ మాట నేను రాత్రే విని ఉంటే అంతదాకా వచ్చేది కాదు. అప్పటి నుంచి ఏ పిల్లవాడు వచ్చినా నా మొదటి ప్రశ్న ఒక్కటే: చివరిసారి ఒంటికి ఎప్పుడు పోశాడు?

ముందు తూకం

సూది కంటే, సెలైన్ కంటే ముందు పిల్లవాణ్ణి తూకం మిషన్ మీద పెట్టండి. బట్టలు తీసి, గ్రాముల్లో రాయండి. 'సుమారు పది కిలోలు' అని రాయొద్దు. తర్వాత వేసే ప్రతి లెక్కా దీని మీదే నిలబడుతుంది.

జబ్బుకు ముందు ఎంత బరువు ఉన్నాడో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. మన దగ్గర దానికి మంచి దారి ఉంది. అంగన్‌వాడీలో నెలనెలా తూకం వేస్తారు. తల్లితో అంగన్‌వాడీ టీచర్‌కు ఫోన్ చేయించండి. పోయిన నెల 10 కిలోలు ఉన్న పిల్లవాడు ఈరోజు 9 కిలోల 100 గ్రాములు ఉన్నాడంటే సుమారు 900 మి.లీ. నీరు పోయింది. అదే పిల్లవాడు 10 కిలోల 600 గ్రాములు తూగి, కళ్ల కింద వాపు ఉంటే, ఒంట్లో అర లీటరు పైన నీరు అదనంగా నిలిచి ఉంది. ఈ ఇద్దరికీ మూత్రం రాకపోవచ్చు. ఒకరికి నీరు పెట్టాలి, ఇంకొకరికి ఆపాలి. తూకం లేకుండా ఈ తేడా పట్టుకోవడం కష్టం.

తర్వాత రోజూ పొద్దున, అదే మిషన్ మీద, అదే వేళకు తూకం వేయండి.

అడగాల్సిన మాటలు

తల్లిని నింపాదిగా అడగండి. 'మూత్రం' అంటే కొందరికి వెంటనే తట్టదు. "ఒంటికి పోసిండా అమ్మా? ఎప్పుడు? ఎట్ల ఉంది, పసుపా, ఎర్రగా ఉందా, డికాక్షన్ లెక్క ఉందా?" అని అడగండి.

డికాక్షన్ రంగు, కోక్ రంగు అంటే కాళ్లూ చేతులూ చూడండి. మూడు నుంచి ఆరు వారాల కింద చర్మం మీద చీముపొక్కులు వచ్చి తగ్గాయా? లేదా ఒకటి రెండు వారాల కింద గొంతునొప్పి వచ్చిందా? అలాంటి పిల్లలకు పొద్దున లేవగానే ముఖం ఉబ్బి ఉంటుంది, బీపీ పెరిగి ఉంటుంది. స్ట్రెప్టోకాకస్ అనే క్రిమి తర్వాత వచ్చే కిడ్నీ వాపు ఇది. గజ్జి ఎక్కువగా ఉండే హాస్టళ్లలో, ఇటుక బట్టీల దగ్గర నుంచి వచ్చిన పిల్లల్లో దీన్ని ప్రత్యేకంగా వెతకాలి.

మోషన్లలో నెత్తురు పడి, నాలుగైదు రోజులకు పిల్లవాడు పాలిపోయి, మూత్రం తగ్గితే అది వేరే జబ్బు. ఎర్ర రక్తకణాలు చితికి, ప్లేట్‌లెట్లు పడిపోయి, కిడ్నీలు దెబ్బతింటాయి. దీన్ని మామూలు మోషన్ల కేసుగా వార్డులో ఉంచుకోకూడదు.

పాము సంగతి మరవొద్దు. వానాకాలం నాట్లప్పుడు, పత్తి చేలలో, నల్లమల అంచు ఊళ్లలో రక్తపింజర కాటు పిల్లల కిడ్నీని నేరుగా దెబ్బ తీస్తుంది. శుభ్రమైన గాజు గొట్టంలో 2 మి.లీ. రక్తం తీసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి చూడండి. గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్టే. విరుగుడు మందు పిల్లలకూ పెద్దలతో సమానంగానే ఇవ్వాలి. పాము విషం తక్కువ పెట్టదు కదా. మూత్రం రంగును గంట గంటకూ చూడండి.

ఇక మందులు. ఇది చాలా ఓపికగా అడగాలి, ఎందుకంటే తిడతారని భయపడి తల్లిదండ్రులు చెప్పరు. "ఊళ్లె ఏం సూదులు ఏసిండ్రు? ఎన్ని దినాలు? చీటీ ఉందా?" అనండి. జెంటామైసిన్, అమికాసిన్ సూదులు, జ్వరానికి ఇచ్చే ఐబుప్రొఫెన్, మెఫెనమిక్ యాసిడ్, డైక్లోఫెనాక్... ఒంట్లో నీరు ఎండిపోయిన పిల్లవాడికి వీటిలో ఏది పడ్డా కిడ్నీకి దెబ్బే. ఆర్‌ఎంపీని తిట్టుకుంటూ కూర్చోవద్దు. ఆయనకు ఫోన్ చేసి మర్యాదగా అడిగితే ఏం వేశాడో చెబుతాడు, ఆ సమాచారం మనకు కావాలి.

దగ్గు సిరప్ సీసా ఇంట్లో ఉంటే తెప్పించండి, పారేయనివ్వద్దు. 2022లో గాంబియాలో దాదాపు 70 మంది పిల్లలు, 2025లో మధ్యప్రదేశ్ ఛింద్వారా వైపు 20 మందికి పైగా పిల్లలు కల్తీ సిరప్‌లతో కిడ్నీలు ఆగి చనిపోయారు. రెండు చోట్లా సిరప్‌లో దొరికింది డైఇథిలీన్ గ్లైకాల్ అనే పారిశ్రామిక ద్రావకం. మామూలు జలుబు, జ్వరంతో మొదలై, సిరప్ తాగిన కొద్ది రోజులకే వాంతులతో మూత్రం ఆగిపోతే ఈ అనుమానం రావాలి. ఒకే ఊరి నుంచి ఇద్దరు అలా వస్తే ఆ పూటే జిల్లా వైద్యాధికారికి, డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు చెప్పాలి.

మగపిల్లవాడైతే ఇంకో ప్రశ్న: ధార ఎలా వస్తుంది? పుట్టినప్పటి నుంచి చుక్కలు చుక్కలుగా పోస్తుంటే దారిలో అడ్డం ఉండొచ్చు.

నల్లగొండలో కిడ్నీ మాట ఎత్తగానే తల్లిదండ్రులు ఫ్లోరైడ్ నీళ్ల గురించి అడుగుతారు. మర్రిగూడ, మునుగోడు వైపు ఎముకలు వంగిన మనుషుల్ని చూసిన వాళ్లకు ఆ భయం ఉండటంలో తప్పు లేదు. కానీ ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఎముకల్నీ పళ్లనీ తినే జబ్బు. రెండు రోజుల్లో మూత్రం ఆగిపోయిందంటే కారణం వేరే చోట వెతకాలి. ఆ మాట వాళ్లకు మెల్లగా చెప్పండి, లేకపోతే అసలు సంగతి చెప్పకుండా నీళ్ల గురించే మాట్లాడతారు.

మూత్రం కొలవడం

దీనికి ఖరీదైన సామాను ఏదీ అక్కర్లేదు. కొలత గీతలున్న ప్లాస్టిక్ సీసా ఒకటి మంచానికి కట్టండి. దాని మీద పేరు, బరువు రాయండి. తల్లికి చూపించి, "అమ్మా, పిల్లగాడు పోసినప్పుడల్లా ఇండ్ల పట్టు, పారబొయ్యకు, సిస్టర్‌ను పిలువు" అని చెప్పండి. తల్లికి చదువు రాకపోయినా ఈ పని ఎంత జాగ్రత్తగా చేస్తుందో చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది.

చంటిపిల్లలకు డైపర్‌ను ముందు పొడిగా ఒకసారి, తడిసాక ఒకసారి తూయండి. పెరిగిన ప్రతి గ్రామూ ఒక మి.లీ. మూత్రం. డైపర్ లేకపోతే పొత్తిగుడ్డతోనూ ఇదే లెక్క. మోషన్ కూడా కలిస్తే లెక్క తప్పుతుంది కాబట్టి అలాంటప్పుడు పిల్లల మూత్రం సంచి అతికించండి. బాగా జబ్బుగా ఉన్నవాళ్లకు గొట్టం వేయాల్సిందే. చిన్న సైజు క్యాథెటర్ స్టోర్‌లో లేకపోతే పసిపిల్లల ఫీడింగ్ ట్యూబ్ పనికొస్తుంది. అవసరం తీరగానే తీసేయండి, ఉంచితే ఇన్‌ఫెక్షన్.

గొట్టం వేసే ముందు బొడ్డు కింద చెయ్యి పెట్టి చూడండి. మూత్రాశయం నిండి గట్టిగా తగిలితే కిడ్నీ పనిచేస్తూనే ఉంది, దారి మూసుకుపోయింది.

ఇక లెక్క. ఆరోగ్యంగా ఉన్న పిల్లవాడు కిలో బరువుకు గంటకు ఒక మి.లీ. పైనే పోస్తాడు. అది సగానికి, అంటే కిలోకు గంటకు అర మి.లీ. కంటే తగ్గి ఆరు గంటలు గడిస్తే కిడ్నీ ప్రమాదంలో ఉన్నట్టు. 10 కిలోల పిల్లవాడికి ఆరు గంటల్లో 30 మి.లీ. కూడా రాలేదంటే అదే. 30 మి.లీ. అంటే చిన్న టీ కప్పులో సగం కూడా కాదు. ఏడాదిలోపు పసివాళ్లకు ఇంకా ముందే కంగారు పడాలి: వాళ్లకు కిలోకు గంటకు ఒక మి.లీ. కంటే తగ్గగానే డాక్టర్‌ను లేపండి.

ఆరు గంటలకోసారి కూడిక వేసి కేస్ షీట్‌లో ఎర్ర పెన్నుతో రాయండి. డ్యూటీ మారేటప్పుడు సిస్టర్ నుంచి సిస్టర్‌కు నోటితో చెప్పే మొదటి మాట ఈ అంకె కావాలి.

రిపోర్టులో 'నార్మల్' అని ఉంటే నమ్మవద్దు

ఇది మన దగ్గర పదే పదే జరిగే పొరపాటు. ల్యాబ్ రిపోర్టులో క్రియాటినిన్ (కిడ్నీ రక్తంలోంచి వడపోసి బయటికి పంపాల్సిన వ్యర్థం) పక్కన 0.6 నుంచి 1.2 వరకు నార్మల్ అని అచ్చు వేసి ఉంటుంది. అది పెద్దవాళ్ల లెక్క. రెండేళ్ల పిల్లవాడికి మామూలుగా ఉండేది 0.2 నుంచి 0.4. ఆ పిల్లవాడికి 0.8 వచ్చిందంటే కనీసం రెట్టింపు అయ్యింది, అంటే కిడ్నీ పని సగానికి పైగా పడిపోయి ఉండొచ్చు. కాగితం మాత్రం నార్మల్ అంటుంది. బక్కచిక్కిన పిల్లల్లో కండ తక్కువ కాబట్టి క్రియాటినిన్ ఇంకా తక్కువగానే కనిపిస్తుంది.

రెండు రోజుల్లో 0.3 పెరిగినా, ముందున్న దానికి ఒకటిన్నర రెట్లు అయినా కిడ్నీ దెబ్బతిన్నట్టే. అందుకే ఒక్క రిపోర్టుతో ఆగకుండా మర్నాడు మళ్లీ చేయించండి. ఇంకో సంగతి, క్రియాటినిన్ పెరగడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. సీసాలో మూత్రం తగ్గడం మాత్రం ఆ పూటే కనిపిస్తుంది.

బీపీ చూసేటప్పుడు పిల్లల కఫ్ వాడండి. పెద్దవాళ్ల కఫ్ చిన్న చేతికి చుడితే బీపీ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. ఐదేళ్ల పిల్లవాడికి పైన అంకె 120 ఉంటే అది నార్మల్ కాదు, ఎక్కువ. తలనొప్పి, చూపు మసక, ఫిట్స్ వస్తే ముందు బీపీ చూడండి.

నీరు పెట్టాలా, ఆపాలా?

పిల్లవాడి ఒంట్లో నీరు ఎండిపోయిందా, సరిపడా ఉందా, ఎక్కువైందా అన్నది ముందు తేల్చుకోండి.

ఎండిపోతే: కళ్లు లోతుకు పోయి, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మెల్లగా సర్దుకుని, చేతులు కాళ్లు చల్లగా, నాడి సన్నగా ఉంటుంది. స్పృహలో ఉండి తాగగలిగితే నోటి ద్వారా ఓఆర్‌ఎస్, నాలుగు గంటల్లో కిలోకు 75 మి.లీ. చెంచాతో, కొంచెం కొంచెంగా. ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి. గ్లాసులో చిటికెడు చిటికెడు కలిపితే ఉప్పు లెక్క తప్పుతుంది. మెడికల్ షాపులో దొరికే తీపి డ్రింక్ డబ్బాలు ఓఆర్‌ఎస్ కాదు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబర్‌లో అలాంటి డ్రింకుల మీద ఓఆర్‌ఎస్ అన్న పేరు వాడకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. అయినా తల్లి చేతిలో ఉన్న ప్యాకెట్ ఏదో చూసి నిర్ధారించుకోండి.

మత్తుగా ఉంటే, తాగలేకపోతే రింగర్ లాక్టేట్ లేదా నార్మల్ సెలైన్, మొత్తం కిలోకు 100 మి.లీ. ఏడాది దాటిన వాళ్లకు మొదటి 30 మి.లీ. అరగంటలో, మిగతా 70 రెండున్నర గంటల్లో. ఏడాదిలోపు పసివాళ్లకు మొదటి 30 గంటలో, మిగతా 70 ఐదు గంటల్లో. బాగా పోషకాహార లోపంతో ఉన్న పిల్లలకు ఈ వేగం పనికిరాదు. వాళ్ల గుండె తట్టుకోదు, వాళ్లకు విడిగా ఉన్న పద్ధతి ప్రకారం మెల్లగా ఇవ్వాలి.

నీరు పెడుతున్నంతసేపూ పక్కనే ఉండి చూడండి. ఊపిరి వేగం పెరుగుతోందా, కాలేయం కిందికి దిగుతోందా, స్టెతస్కోప్‌తో వీపు కింద భాగంలో చిటపట శబ్దం వినిపిస్తోందా? వీటిలో ఒక్కటి కనిపించినా వెంటనే ఆపండి.

నీరు నిండింది, చేతులు వెచ్చబడ్డాయి, నాడి నిండుగా ఉంది, తూకం పాత బరువుకు దగ్గరపడింది, అయినా సీసా ఖాళీ. అప్పుడు కిడ్నీయే ఆగిందని ఒప్పుకోవాలి. ఇక్కడే చాలామంది ఇంకో బాటిల్ తగిలిస్తారు. ఎంత నీరు పోస్తే అంత మూత్రం వస్తుందన్న నమ్మకం ఆసుపత్రిలో కూడా ఉంది. ఆగిన కిడ్నీకి నీరు పోస్తే అది ఊపిరితిత్తుల్లోకే పోతుంది.

ఫ్యూరోసెమైడ్ సూది కిలోకు 1 నుంచి 2 మి.గ్రా. ఒకసారి ఇచ్చి చూడొచ్చు, అదీ నీరు నిండిన తర్వాతే. దానితో కిడ్నీ బాగుపడదు, ఒంట్లో ఎక్కువైన నీటిని దించడానికే అది. మూత్రం రాకపోతే మళ్లీ మళ్లీ పొడవద్దు.

ఆగిన కిడ్నీకి నీటి లెక్క

ఇప్పుడు రోజుకు ఇవ్వాల్సింది రెండే: చెమట, ఊపిరి ద్వారా పోయే నీరు, దానికి తోడు పిల్లవాడు నిన్న పోసిన మూత్రం, మోషన్ అంత. చెమట, ఊపిరి లెక్క శరీర ఉపరితలం చదరపు మీటరుకు 400 మి.లీ. 10 కిలోల పిల్లవాడి ఉపరితలం సుమారు అర చదరపు మీటరు, కాబట్టి 200 మి.లీ. మూత్రం చుక్క కూడా రాకపోతే ఆ రోజుకు అంతే, అందులో మందులు కలిపే నీరూ, నోటితో తాగేదీ కలిపి. అలాంటి పిల్లవాడికి రాత్రి 500 మి.లీ. బాటిల్ తగిలించి వెళ్తే ఏమవుతుందో చూడండి.

సెలైన్‌ను లెక్కగా ఎక్కించే పంపు లేదని బాధపడొద్దు. మైక్రోడ్రిప్ సెట్‌లో 60 చుక్కలు ఒక మి.లీ., కాబట్టి నిమిషానికి ఎన్ని చుక్కలో గంటకు అన్ని మి.లీ. నిమిషానికి 8 చుక్కలు పెడితే రోజుకు 192 మి.లీ. బ్యూరెట్ సెట్ (బాటిల్ కింద కొలత గీతలున్న చిన్న గొట్టం ఉండే డ్రిప్ సెట్) ఉంటే అందులో రెండు మూడు గంటలకు సరిపడా మాత్రమే నింపండి. అప్పుడు ఎవరైనా చక్రం ఎక్కువ తిప్పినా ప్రమాదం అంతటితో ఆగుతుంది. ఈ చిన్న జాగ్రత్త నాకు ఒక సీనియర్ సిస్టర్ నేర్పింది.

పిల్లవాణ్ణి పస్తు పెట్టొద్దు. తినగలిగితే ఉప్పు లేకుండా అన్నం, నెయ్యి, చక్కెర, ఇడ్లీ ఇవ్వండి. ఆకలితో ఉంటే ఒళ్లు తన కండనే కరిగించుకుంటుంది, దానితో పొటాషియం ఇంకా పెరుగుతుంది.

చుట్టాలకు గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. నల్లగొండలో ఆసుపత్రికి ఎవరు వచ్చినా చేతిలో బత్తాయిలు ఉంటాయి. జబ్బు పిల్లవాడికి రసం తాగించడం మనకు ప్రేమ. ఈ పిల్లవాడికి మాత్రం బత్తాయి రసం, కొబ్బరి నీళ్లు, అరటిపండు పెట్టకూడదు. వాటిలో పొటాషియం ఉంటుంది, మూత్రం లేనప్పుడు అది బయటికి పోయే దారి లేదు.

పొటాషియం పెరిగితే ఆగే టైం లేదు

మూత్రం లేని పిల్లవాడికి రాత్రికి రాత్రి గుండె ఆగిపోయేది ఎక్కువగా దీని వల్లే. ఎలక్ట్రోలైట్ రిపోర్ట్ జిల్లా ల్యాబ్ నుంచి వచ్చేదాకా కూర్చోవద్దు. ఈసీజీ మిషన్ ప్రతి ఏరియా ఆసుపత్రిలో ఉంటుంది. ఈసీజీ గీతలో టీ తరంగం గుడారంలా మొనదేలి లేచినా, క్యూఆర్‌ఎస్ వెడల్పయినా మొదలుపెట్టండి. రిపోర్ట్ వచ్చి, పొటాషియం 6.5 పైన ఉండి ఈసీజీ మామూలుగా ఉంటే, రక్తం గుచ్చి గుచ్చి తీసినప్పుడు కణాలు చితికి తప్పుడు అంకె వచ్చిందేమో ఆలోచించి, మళ్లీ శాంపిల్ పంపండి.

ముందు 10 శాతం కాల్షియం గ్లూకోనేట్, కిలోకు అర మి.లీ., అంతే నీరు కలిపి 5 నుంచి 10 నిమిషాల్లో మెల్లగా, గుండె వేగం చూస్తూ. ఇది పొటాషియాన్ని తగ్గించదు, గుండెను కాసేపు కాస్తుంది. ఆ వెంటనే సాల్బుటమాల్ నెబ్యులైజర్: 25 కిలోలలోపు వాళ్లకు 2.5 మి.గ్రా., ఆపైన 5. తర్వాత ఇన్సులిన్ కిలోకు 0.1 యూనిట్, 10 శాతం డెక్స్‌ట్రోజ్ కిలోకు 5 మి.లీ.తో కలిపి అరగంటలో. గంట గంటకూ షుగర్ చూడాలి, పడిపోతుంది. ఓఆర్‌ఎస్, రింగర్ లాక్టేట్, పొటాషియం కలిపిన సెలైన్ అన్నీ ఆపేయండి.

ఇవన్నీ కొన్ని గంటల వెసులుబాటే. ఆ గంటల్లో పిల్లవాణ్ణి డయాలిసిస్ ఉన్న చోటికి చేర్చాలి.

మందుల చీటీ మళ్లీ చదవండి

కిడ్నీ దెబ్బతిన్న రోజు కేస్ షీట్‌లో ఉన్న ప్రతి మందునూ వేలు పెట్టి చదవండి. జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే, కిలోకు 15 మి.గ్రా. ఐబుప్రొఫెన్ జాతి మందులన్నీ కొట్టేయండి. అమికాసిన్, జెంటామైసిన్ బదులు వేరే యాంటీబయాటిక్ దొరికితే మార్చండి. ఇన్‌ఫెక్షన్‌కు మందు మాత్రం ఆపకండి, ఎందుకంటే చాలామందిలో కిడ్నీని పడగొట్టిందే ఒళ్లంతా పాకిన ఇన్‌ఫెక్షన్.

డయాలిసిస్: ఎప్పుడు, ఎక్కడ

ఊపిరితిత్తుల్లో నీరు చేరి మందుకు లొంగకపోతే, పొటాషియం మళ్లీ మళ్లీ పెరుగుతుంటే, రక్తంలో ఆమ్లం బాగా పెరిగి బుస కొట్టినట్టు ఊపిరి తీస్తుంటే, మత్తు లేదా ఫిట్స్ వస్తే డయాలిసిస్ కావాలి. క్రియాటినిన్ ఇంత దాటితేనే అని ఎదురుచూడొద్దు.

డయాలిసిస్ అనగానే తల్లిదండ్రులు హడలిపోతారు. జీవితాంతం మిషన్ మీదే బతకాలనుకుంటారు. అది పెద్దవాళ్లలో ఏళ్లుగా పాడైన కిడ్నీల సంగతి. పిల్లల్లో హఠాత్తుగా ఆగిన కిడ్నీ చాలాసార్లు తిరిగి లేస్తుంది, డయాలిసిస్ అప్పటిదాకా ఆసరా. ఈ మాట టెన్షన్‌లో ఉన్న తండ్రికి రెండుసార్లు చెప్పండి.

చిన్న పిల్లలకు మిషన్ లేకుండా చేసే పద్ధతి ఉంది, పెరిటోనియల్ డయాలిసిస్. పొట్టలోకి సన్నని గొట్టం వేసి, ఒంటి వేడికి తెచ్చిన ద్రవాన్ని కిలోకు 10 నుంచి 20 మి.లీ. చొప్పున పంపి, అరగంట పైన ఉంచి, బయటికి వదలాలి. గంటకో చుట్టు. ఎంత లోపలికి పోయింది, ఎంత బయటికి వచ్చింది అన్నది ప్రతి చుట్టుకూ రాయాలి. కరెంటు పోయినా ఇది ఆగదు. గొట్టం వేసే ముందు మూత్రాశయం ఖాళీ చేయాలి, బయటికి వచ్చే ద్రవం మడ్డిగా మారితే లోపల ఇన్‌ఫెక్షన్ అనుకోవాలి. తయారు ద్రవం దొరకని చోట లీటరు రింగర్ లాక్టేట్‌లో 50 శాతం డెక్స్‌ట్రోజ్ 30 మి.లీ. కలిపి వాడే పద్ధతి అంతర్జాతీయ మార్గదర్శకాల్లోనే ఉంది. పుస్తకం చూసి ఒంటరిగా మొదలుపెట్టే పని కాదు ఇది. కానీ జిల్లా ఆసుపత్రి పిల్లల ఐసీయూలో ఒక డాక్టరు, ఇద్దరు సిస్టర్లు నేర్చుకుంటే చాలు, ఎందరో పిల్లలు వంద కిలోమీటర్ల ప్రయాణం తప్పించుకుంటారు. ప్రతి జిల్లాలో ఇది ఉండాలన్నది నా గట్టి కోరిక.

మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిలో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. కాబట్టి దేవరకొండలోనో అచ్చంపేటలోనో ఉంటే మొదటి ఫోన్ మీ జిల్లా కాలేజీ పిల్లల విభాగానికి చేయండి. అక్కడ డయాలిసిస్ కుదరదంటే హైదరాబాద్‌లో నిలోఫర్‌కు. ఫోన్ చేయకుండా చీటీ రాసి పంపితే పిల్లవాడు అంబులెన్స్‌లోనే రెండు ఆసుపత్రులు తిరగాల్సి వస్తుంది. డబ్బు భయంతో తండ్రి వెనకాడితే ఆరోగ్యశ్రీ సంగతి మీరే చెప్పండి. ఆ పథకం 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో మన పాలమూరు ఒకటి. రేషన్ కార్డు, ఆధార్ ఇంట్లో ఉన్నాయంటే బయల్దేరడం ఆపొద్దు, కాగితాలు వెనక మనిషితో తెప్పించుకోవచ్చు.

పంపే ముందు ఆయాసం ఉంటే ఆక్సిజన్, ఈసీజీ బాగోకపోతే కాల్షియం. 108లో డ్రిప్ నడుపుతూ పంపొద్దు. దారిలో కుదుపులకు చక్రం వదులై మొత్తం ఎక్కేస్తుంది. సూది మూసి పంపండి. కాగితం మీద తూకం, గంటల వారీగా మూత్రం, ఎక్కించిన నీరు, బీపీ, ఇచ్చిన ప్రతి మందూ టైంతో రాయండి. అనుమానం ఉన్న సిరప్ సీసా కవర్‌లో పెట్టి, దాని ఫొటో మీ ఫోన్‌లో ఉంచుకోండి.

మూత్రం తిరిగి వచ్చాక

సీసా నిండడం మొదలైన రోజు వార్డంతా సంతోషిస్తుంది. ఆ రోజు నుంచే కొత్త జాగ్రత్త మొదలవుతుంది. కోలుకుంటున్న కిడ్నీ నీటినీ ఉప్పునూ పట్టి ఉంచలేదు, కొందరు రోజుకు లీటర్లు పోస్తారు. నిన్నటిదాకా నీరు ఆపిన మనమే ఇప్పుడు పోసినంత తిరిగి ఇవ్వాలి, పొటాషియం, సోడియం రోజూ చూడాలి. లేకపోతే పిల్లవాడు ఇంకోసారి ఎండిపోతాడు.

ఇంటికి పంపేటప్పుడు చీటీ మీద మూడు నెలల తర్వాత తేదీ వేయండి. ఆ రోజు బీపీ, మూత్రంలో ఆల్బుమిన్, క్రియాటినిన్ చూడాలి. దెబ్బతిన్న కిడ్నీ కొందరిలో పూర్తిగా మానదు, అది పైకి కనిపించదు. వలస వెళ్లే కుటుంబమైతే ఆ సమయానికి ఏ ఊళ్లో ఉంటారో అడిగి, అక్కడ దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రి పేరే చీటీ మీద రాయండి. ఆశా కార్యకర్త ఫోన్ నంబర్ తీసుకోండి, ఆమెకు మీ నంబర్ ఇవ్వండి. 'అమికాసిన్, జెంటామైసిన్, ఐబుప్రొఫెన్ ఇవ్వకూడదు' అని చీటీ పైన పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి, తల్లికి చదివి వినిపించండి. మళ్లీ జ్వరం వస్తే ఏ డాక్టర్ దగ్గరికి పోయినా, ఆర్‌ఎంపీ దగ్గరికి పోయినా ముందు ఆ కాగితం చూపించమని చెప్పండి.